వయస్సు చేసినదెంత, విశ్రాంతి చేసినదెంత?

వార్ధక్యంలో రక్తనాళాలు బిరుసెక్కుతాయన్నది నిజమే. అయితే మనం వయస్సు ఖాతాలో వేస్తున్న నష్టంలో కొంత భాగం కుర్చీ ఖాతాలో వేయవలసినదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

మా నాన్నగారు 36 సంవత్సరాలు ఉపాధ్యాయులుగా పనిచేసి, పదవీ విరమణ తరవాత కూడా సొంత ఊళ్లోనే ఉండిపోయారు. తెల్లవారగానే కాలువగట్టు వెంట నడక, తిరిగివస్తూ చేతిలో కూరగాయల సంచి, సాయంకాలం గ్రంథాలయం. ఇదీ వారి దినచర్య. అమ్మ పోయిన తరవాత వారిని నగరంలోని మా ఇంటికి తీసుకువచ్చాను. అప్పటికి వారికి 76 ఏళ్లు.

మేముండేది మూడో అంతస్తు. వచ్చిన కొత్తలో నాన్నగారు లిఫ్టు వంక చూడనైనా చూడలేదు. పాలకోసమనీ, పత్రికకోసమనీ రోజుకు రెండు మూడు సార్లు మెట్లు దిగి ఎక్కేవారు. ఒకనాడు ఆఖరి మెట్టు మీద కమ్మీ పట్టుకుని, కొంచెం రొప్పుతూ కనిపించారు. నా గుండె గుభేలుమన్నది.

“ఈ వయస్సులో మీకెందుకండీ ఈ అవస్థ? మేమంతా లేమా? మీరు హాయిగా కూర్చోండి నాన్నగారూ” అన్నాను.

మా ఆవిడ పడకకుర్చీ కొనిపించింది. పాలు తెచ్చే పని మా అబ్బాయి తీసుకున్నాడు. మంచినీళ్లు సైతం కుర్చీ దగ్గరకే వచ్చేవి. మేము చేస్తున్నది పితృసేవ అనే మా నమ్మకం. నాన్నగారు మా మాట కాదనలేక కూర్చున్నారు.

ఏడాది గడిచింది. ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. ఏడాది కిందట ఒక్క బిగిని ఎక్కిన ఆ మెట్ల మీదనే నాన్నగారు నాలుగు చోట్ల చతికిలబడవలసివచ్చింది. “వయస్సు మీదపడిందిరా” అన్నారు. నేనూ అంతే అనుకున్నాను.

నా వృత్తి అనువాదం. నేను చదివినది ఆంగ్ల సాహిత్యం. వైద్యశాస్త్రంతో నా పరిచయం, వచ్చిన వ్యాసాన్ని తెలుగు చేయడానికి నిఘంటువులూ వైద్యగ్రంథాలూ తిరగవేయడం వరకే. ఆ సంఘటన జరిగిన కొద్దివారాలకు వార్ధక్యాన్ని గురించిన ఒక వ్యాసం నా బల్ల మీదికి వచ్చింది. అందులో అమెరికాలోని డల్లస్ నగరంలో జరిగిన ఒక ప్రయోగం వర్ణించబడి ఉన్నది. ఆ పేరాను తెలుగు చేస్తూ మధ్యలో లేచి, ముందుగదిలో కుర్చీలో కునుకుతున్న నాన్నగారి వంక చాలాసేపు చూస్తూ నిలబడిపోయాను.

అయిదుగురు యువకులు, మూడు వారాల పడక

అది 1966వ సంవత్సరం. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డల్లస్ వైద్య కళాశాలలో బెంట్ సాల్టిన్, గన్నర్ బ్లూమ్‌క్విస్ట్, జెరె మిచెల్ మొదలైన పరిశోధకులు ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను ఎన్నుకున్నారు. అందరికీ ఇంచుమించు 20 ఏళ్లు. వారిని మూడు వారాలపాటు మంచం మీదనే ఉంచారు. లేవకూడదు, నడవకూడదు. ఆ తరవాత ఎనిమిది వారాలు గట్టి వ్యాయామం చేయించారు.

శరీరం అత్యధిక శ్రమ చేస్తున్నప్పుడు నిమిషానికి ఎంత ప్రాణవాయువును వినియోగించుకోగలదో అదే దాని కార్యశక్తికి కొలమానం. పడకకు ముందు ఈ యువకుల సగటు శక్తి 3.3 లీటర్లు. మూడు వారాల తరవాత అది 2.4 లీటర్లకు పడిపోయింది. 20 ఏళ్ల ప్రాయంలో, ఏ జబ్బూ లేకుండా, కేవలం పడుకున్నందుకు నాలుగోవంతుకు పైగా శక్తి హరించుకుపోయింది! గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనివ్వకపోవడం ఆ రోజుల్లో వైద్య సంప్రదాయం. ఆ సంప్రదాయం మారడానికి దోహదం చేసినవాటిలో ఈ ప్రయోగం ఒకటి.

కథ అక్కడితో ముగియలేదు. 30 ఏళ్ల తరవాత, 1996లో, ఆ అయిదుగురినీ మళ్లీ పిలిపించారు. అందరూ 50 ఏళ్లవారయ్యారు. సగటు బరువు 77 కిలోల నుంచి 100 కిలోలకు పెరిగింది. ఈసారి కార్యశక్తి 2.9 లీటర్లని తేలింది. అంటే, 30 సంవత్సరాల వయోభారం వారి నుంచి తీసుకుపోయినది, యౌవనంలో మూడు వారాల పడక తీసుకుపోయినదానికంటె తక్కువ!

వారికి ఆరు నెలలపాటు నడక, మెల్లని పరుగు, సైకిలు తొక్కడం వంటి వ్యాయామాలను క్రమక్రమంగా పెంచుతూ చేయించారు. కాలం తీసుకుపోయిన ఆ కొంచెమూ తిరిగివచ్చింది. 1966లో పడక ఎక్కకముందు ఎంత శక్తి ఉండేదో, 50వ ఏట మళ్లీ అంతకు చేరుకున్నారు. నలభై ఏళ్లు నిండినప్పుడు మరొకసారి పరీక్షించారు. అప్పటికి తరుగుదల వేగం పెరిగింది. అయినా 40 ఏళ్ల మొత్తం నష్టం ఆనాటి మూడు వారాల నష్టానికి దాదాపు సమానంగా మాత్రమే ఉన్నది.

అయిదుగురు మనుషులంటే చిన్న సంఖ్య. వారి అనుభవమే లోకానికంతటికీ సూత్రమని చెప్పలేము. కాని అది లేవనెత్తిన ప్రశ్న పెద్దది: వయస్సు చేసినదెంత, విశ్రాంతి చేసినదెంత? దీనికి సమాధానం వెదకాలంటే మన రక్తనాళాలలోకి తొంగిచూడాలి.

శరీరంలో నీటి పంపకం

కాలువల కింద సేద్యం చూసినవారికి రక్తప్రసరణ సులభంగా బోధపడుతుంది. పెద్దకాలువలో నీరు ఎంత ఉన్నదన్నది ఒక విషయం. ఏ పొలానికి ఎంత అందుతున్నదన్నది వేరొక విషయం. అది తూముల మీద ఆధారపడి ఉంటుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. శరీరంలోని కండరాలన్నింటికీ కలిపి అందులో దక్కేది అయిదోవంతు, అనగా ఒక లీటరు. మూత్రపిండాలు, ప్రేగులు, కాలేయం, మెదడు పెద్ద వాటాదారులు. ఆరోగ్యవంతుడైన యువకుడు పరుగు ప్రారంభించగానే ఈ పంపకం తలకిందులవుతుంది. గుండె నిమిషానికి 20 నుంచి 25 లీటర్లు పంపడం మొదలుపెడుతుంది. తీవ్రమైన శ్రమలో దానిలో 80 శాతానికి పైగా పనిచేసే కండరాలకే చేరుతుంది. ప్రేగులకూ మూత్రపిండాలకూ సరఫరా తగ్గిపోతుంది. భోజనం కాగానే బరువుపని చేయవద్దని పెద్దలు చెప్పడంలో అర్థం లేకపోలేదు.

ఈ పంపకం చేసేవి వెంట్రుక కన్న సన్నని ధమనులు. వీటి గోడలలోని కండర పొర బిగిస్తే తూము మూసుకుంటుంది, సడలిస్తే తెరుచుకుంటుంది. వ్యాయామ సమయంలో రెండు ఆజ్ఞలు ఒకేసారి వెలువడతాయి. సహానుభూత నాడీమండలం శరీరమంతటా తూములు బిగించమంటుంది. అలా బిగించకపోతే అన్నీ ఒక్కసారిగా తెరుచుకుని రక్తపు పోటు పడిపోతుంది. మరొకవంక శ్రమపడుతున్న కండరం తనలో పుట్టే రసాయనాల ద్వారా తన తూములను మాత్రం తెరిపించుకుంటుంది. పై అధికారి ఆజ్ఞను కాదని, ఎండిపోతున్న పొలానికి నీరు వదిలే లస్కరు వంటిదన్నమాట. యౌవనంలో ఈ లస్కరు మాట చెల్లుతుంది. వార్ధక్యంలో ఆ చెల్లుబాటు తగ్గుతుంది.

పొరపాటు నుంచి పుట్టిన సత్యం

రక్తం శరీరంలో చక్రాకారంగా తిరుగుతున్నదని ఇంగ్లీషు వైద్యుడు విలియం హార్వే 1628లో నిరూపించాడు. ధమనులనూ సిరలనూ కలిపే కేశనాళికలను ఇటలీ దేశస్థుడు మార్చెల్లో మాల్పీగీ 1661లో కప్ప ఊపిరితిత్తులలో చూశాడు. అటు తరవాత మూడు శతాబ్దాలపాటు రక్తనాళపు లోపొర చాలామంది దృష్టిలో గొట్టానికి వేసిన నునుపైన పూత మాత్రమే. దాని పేరు ఎండోథీలియం. మందం ఒకే ఒక్క కణం.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రజ్ఞుడు కుందేలు ధమని ముక్కల మీద పరిశోధన చేస్తుండేవాడు. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని సజీవ శరీరంలోకి ఎక్కిస్తే రక్తనాళాలు సడలుతాయి. అదే రసాయనం ఆయన బల్ల మీది ధమని ముక్కలను మాత్రం బిగింపజేసేది. ఈ వైరుధ్యం ఏళ్ల తరబడి విడలేదు. 1978లో ఆయన సహాయకుడు ప్రయోగంలోని అంచెల వరుసను పొరపాటున తారుమారు చేశాడు. ఆ పొరపాటులో ధమని ముక్క సడలింది! కారణం తరచి చూడగా తెలిసినదేమంటే, ముక్కలు కోసేటప్పుడు లోపలి భాగాన్ని రాపిడికి గురిచేయడంవల్ల లోపొర ఊడిపోతూ వచ్చింది. లోపొర చెక్కుచెదరకుండా ఉన్న ముక్కలు సడలుతున్నాయి, ఊడిన ముక్కలు బిగుస్తున్నాయి.

ఈ ఫలితాన్ని ఫర్చ్‌గాట్ 1980లో ప్రకటించాడు. లోపొర ఏదో పదార్థాన్ని విడుదల చేసి కండర పొరను సడలిస్తున్నదన్నమాట. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని 1980ల ద్వితీయార్ధంలో తేలింది. మోటారు వాహనాల పొగలో ఉండే ఆ వాయువే మన నాళాలలో క్షణాలపాటు పుట్టి, పని ముగించుకుని మాయమవుతున్నది. ఈ పరిశోధనకు ఫర్చ్‌గాట్‌తోపాటు లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాడ్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. డైనమైటును కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో గుండెజబ్బుకు వైద్యులు సూచించిన మందు, డైనమైటులోని నైట్రోగ్లిజరినే. అది శరీరంలో విడుదల చేసేది ఈ వాయువునే!

ఈ లోపొర స్పందించేది రసాయనాలకు మాత్రమే కాదు. తన మీదుగా పారే రక్తపు ఒరపిడిని కూడా అది పసిగడుతుంది. ప్రవాహం వడి హెచ్చితే లోపొర మరింత నైట్రిక్ ఆక్సైడును విడుదల చేసి దారి వెడల్పు చేస్తుంది. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన కథ మలుపు తిరిగేది ఇక్కడే.

వయస్సు తెచ్చే మూడు మార్పులు

మొదటి మార్పు పెద్ద ధమనులలో కనిపిస్తుంది. గుండె నుంచి వెలువడే బృహద్ధమని రబ్బరు గొట్టం వలె సాగి, తిరిగి ముడుచుకుంటుంది. ఎలాస్టిన్ అనే తంతువు దానికి ఈ సాగే గుణాన్నిస్తుంది. ఈ తంతువు ప్రధానంగా బాల్యంలోనే తయారవుతుంది. తరవాత జీవితమంతా ఉన్నదానితోనే సర్దుకోవాలి. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఏడాదికి మూడున్నర కోట్లకు పైమాట. 60 ఏళ్లు గడిచేసరికి బృహద్ధమని 200 కోట్లకు పైగా సాగి ముడుచుకుని ఉంటుంది. తంతువులు అలసి తెగుతాయి. వాటి స్థానంలో బిరుసైన కొల్లాజెన్ పేరుకుంటుంది. యౌవనంలో నాడీ తరంగం ధమని గోడ వెంట సెకనుకు 5, 6 మీటర్ల వేగంతో సాగితే, వార్ధక్యంలో అది 10 మీటర్లు దాటవచ్చు. గోడ ఎంత బిరుసైతే తరంగం అంత వడిగా పోతుంది. అందువల్లనే చాలామంది వృద్ధులలో రక్తపు పోటు పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. వ్యాయామం చేసేటప్పుడు గుండె ఈ బిరుసు గోడకు ఎదురుగా రక్తాన్ని తోయవలసివస్తుంది.

రెండో మార్పు లోపొరలో. వయస్సుతోపాటు నాళాల గోడలలో విచ్ఛిన్నకారకమైన ప్రాణవాయు కణికలు ఎక్కువవుతాయి. లోపొర తయారుచేసిన నైట్రిక్ ఆక్సైడును అవి పనిచేయకముందే హరిస్తాయి. ముంజేతికి పట్టీ బిగించి, అయిదు నిమిషాల తరవాత వదిలి, భుజం ధమని ఎంత వెడల్పవుతుందో శబ్దతరంగాలతో కొలిచే పరీక్ష ఒకటి 1992 నుంచి వాడుకలోకి వచ్చింది. దానివల్ల తెలిసినదేమంటే, పురుషులలో ఈ స్పందన సుమారు 40వ ఏట నుంచి తగ్గుముఖం పడుతుంది. స్త్రీలలో 50 దాటేవరకు నిలిచి, ఋతుక్రమం ఆగిన తరవాత వడిగా తగ్గుతుంది.

మూడో మార్పు నాడులలో. వయస్సు పెరిగినకొద్దీ సహానుభూత నాడుల ఆజ్ఞలు విశ్రాంతిలో కూడా తీవ్రమవుతాయి. తూములు ఎప్పుడూ కొంత బిగిసే ఉంటాయి. ఆ ఆజ్ఞను కాదని తెరిపించగల కండరపు శక్తి సన్నగిల్లుతుంది.

ఈ మూడింటికీ తోడు, గుండె అత్యధికంగా కొట్టుకోగల వేగం కూడా తగ్గుతుంది. 20వ ఏట నిమిషానికి 200 ప్రాంతంలో ఉండే ఆ వేగం 70వ ఏట 150, 160 మధ్యకు దిగివస్తుంది. ఎంత వ్యాయామం చేసినా దీనిని ఆపలేము.

ఫలితం మెట్ల మీద కనిపిస్తుంది. ఒకే పనిని యువకుడూ వృద్ధుడూ చేస్తున్నప్పుడు వృద్ధుని కాళ్లకు చేరే రక్తం తక్కువ. సైకిలు తొక్కించి కొలిచినప్పుడు, క్రమంగా వ్యాయామం చేసే వృద్ధులలో సైతం 20 నుంచి 30 శాతం తక్కువ ఉన్నట్లు కనుగొన్నారు. అందిన కొద్ది రక్తం నుంచే ప్రాణవాయువును ఎక్కువ పిండుకుని కండరం కొంతవరకు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకూ హద్దున్నది. ఆ హద్దు తగిలినచోట మనిషి కమ్మీ పట్టుకుని ఆగుతాడు.

కాబట్టి నాన్నగారు ఆ మొదటిరోజు రొప్పడం రోగం కాదు. 76 ఏళ్ల శరీరం తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. నేను దానిని ప్రమాదసూచనగా చదువుకున్నాను. అనువాదకుడు చేయరాని తప్పు అది.

ప్రవాహమే ఔషధం

ఈ మూడు మార్పులలో ఏది వెనక్కు మరలుతుంది?

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2000లో ప్రకటించిన ఫలితాలు ఇక్కడ గమనించదగినవి. వ్యాయామం అలవాటు లేని నడివయస్కులూ వృద్ధులూ అయిన పురుషులచేత వారు మూడు నెలలు వ్యాయామం చేయించారు. అది చాలావరకు నడకే. పరుగుపందాలు కావు, బరువులెత్తడం కాదు. మూడు నెలల తరవాత వారి రక్తనాళపు లోపొర స్పందన సుమారు 30 శాతం మెరుగై, యువకుల స్థాయిని అందుకున్నది. అటువంటి మరొక పరిశీలనలో, మూడు నెలల నడకతో మెడలోని పెద్ద ధమని సాగే గుణం దాదాపు 25 శాతం పెరిగింది.

ఎందుకిలా జరుగుతుంది? నడిచినప్పుడు గుండె ఎక్కువ రక్తం పంపుతుంది. ఆ రక్తం లోపొరను వడిగా ఒరుసుకుంటూ పోతుంది. ఒరపిడి తగిలినప్పుడల్లా లోపొర నైట్రిక్ ఆక్సైడును తయారుచేస్తుంది. ఈ పని రోజూ జరిగితే, దానిని తయారుచేసే యంత్రాంగం బలపడుతుంది. ఒరపిడి లేకపోతే ఆ యంత్రాంగం మందగిస్తుంది. నీరు పారని కాలువ పూడిపోవడం పల్లెటూరివాళ్లకు కొత్త సంగతి కాదు. బయటినుంచి తెచ్చి వేసే మందు ఏమీ లేదు. ప్రవాహమే ఔషధం.

డల్లస్ పురుషుల విషయంలో మరొక విశేషం బయటపడింది. 50వ ఏట వారి గుండె పంపగల రక్తం మొత్తం తగ్గనే లేదు. ప్రతి కొట్టుకు ఎక్కువ రక్తం పంపి, తగ్గిన వేగాన్ని గుండె భర్తీ చేసుకున్నది. తగ్గినదల్లా, వచ్చిన రక్తం నుంచి ప్రాణవాయువును శరీరం గ్రహించుకునే శక్తి. ఆరు నెలల వ్యాయామం సరిదిద్దినది సరిగ్గా దానినే. లోపం పెద్దకాలువలో లేదు, పొలం దగ్గర ఉన్నది.

అతిశయోక్తి మాత్రం కూడదు. వ్యాయామం చేసినవారికీ వయస్సు పెరుగుతుంది. తెగిన ఎలాస్టిన్ తంతువులు తిరిగి అతుక్కోవు. ఋతుక్రమం ఆగిన స్త్రీలలో లోపొర మెరుగుదల పురుషులలోవలె స్పష్టంగా కనిపించలేదని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. అయితే కండర బలం, రక్తపు పోటు, మధుమేహ నియంత్రణ మొదలైన ఇతర లాభాలు వారికీ దక్కుతాయి.

భారతీయులమైన మనకు ఈ విషయం మరింత ముఖ్యం. 2007లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారం, మొదటిసారి గుండెపోటుకు గురైనవారి సగటు వయస్సు దక్షిణాసియా దేశాలలో 53 ఏళ్లు. ఇతర దేశాలలో 59. మన ప్రాంతంలో వ్యాయామం అలవాటున్నవారు తక్కువన్న సంగతి కూడా ఆ పరిశీలనలో తేలింది. తండ్రిని కూర్చోబెట్టే కొడుకు తానూ కూర్చునే ఉంటున్నాడన్నమాట. రోజంతా బల్ల ముందు కూర్చుని అనువాదాలు చేసే నేను ఇతరులను తప్పుపట్టలేను.

పెద్దలను నడిపించే ముందు

వ్యాసం చదివిన వెంటనే తాతగారిని మెట్ల మీదికి తరమవద్దు. కొన్ని జాగ్రత్తలు అవసరం.

చాలాకాలం కదలకుండా ఉన్నవారు, గుండెజబ్బు, రక్తపు పోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. శ్రమలో ఛాతీ నొప్పి, ఛాతీ బిగింపు, కళ్లు తిరగడం, మాట రాని ఆయాసం కలిగితే వెంటనే ఆగాలి. ఆగినా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. కొంతదూరం నడిచేసరికి పిక్కలు పట్టేసి, నిలబడగానే నొప్పి తగ్గి, నడిస్తే మళ్లీ వస్తున్నదా? అది వయస్సు కాకపోవచ్చు. కాలి ధమని ఇరుకైందేమో పరీక్ష చేయించాలి.

మెల్లగా మొదలుపెట్టాలి, మెల్లగా ముగించాలి. వేగంగా నడిచి హఠాత్తుగా నిలబడితే, తెరుచుకున్న కాలి నాళాలలో రక్తం నిలిచి, తల తిరిగే ప్రమాదం ఉన్నది. చివరి అయిదు నిమిషాలు నడక నెమ్మదించాలి.

నాడి లెక్కపెట్టుకోవడం కంటె సులభమైన కొలత మాట. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది చాలినంత వేగం. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారికి నాడి లెక్క సరిగా పనికిరాదు కనుక ఈ పద్ధతే మేలు.

ఎండలో నడవరాదు. శరీరపు వేడి బయటికి పోవడానికి చర్మానికి రక్తం చేరాలి. వయస్సు మీరినవారిలో చర్మపు నాళాలు యౌవనంలో వలె తెరుచుకోవు. చెమట, దాహం కూడా తగ్గుతాయి. మన వేసవిలో ఇది ప్రాణాపాయం కావచ్చు. తెల్లవారుజామున నడవడం, దాహం వేయకపోయినా కొంచెం నీరు తాగడం మంచిది. నీరు తగ్గించమని వైద్యుడు చెప్పినవారు ఆ మాటే పాటించాలి.

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యరకం శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట నడిస్తే మొదటి అంకె సరిపోతుంది. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినా మేలేనని కూడా ఆ సంస్థ చెప్పింది.

మళ్లీ మెట్ల మీద

వ్యాసం పూర్తిచేసిన నాటి సాయంకాలం నాన్నగారికి డల్లస్ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. తప్పులు దిద్దే అలవాటున్నవారు కదా, “అయితే నన్ను కూర్చోబెట్టింది వయస్సు కాదు, నువ్వన్నమాట” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

వైద్యుడు పరీక్షించి, మెల్లగా నడవవచ్చునన్నాడు. మొదటి వారం మా వీధి చివరిదాకా. రెండో నెలలో ఉద్యానవనం చుట్టూ ఒకసారి. మెట్లు మాత్రం ఆఖరున మొదలుపెట్టారు. ముందు ఒక్క అంతస్తు, పైరెండూ లిఫ్టు. మోకాళ్లు సహకరించని రోజులున్నాయి. వర్షం కురిసిన వారాలున్నాయి. ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు నాన్నగారికి 78 ఏళ్లు. ఉదయం పత్రిక తెచ్చుకునేది వారే. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగుతారు. ఊపిరి కూడదీసుకుంటూ అక్కడే మొదటి పుటలోని శీర్షికలు చదివేస్తారు. ఆ ఆగడం వయస్సుది. దానిని నేను కాదనను. గుమ్మంలో నిలబడి వారి చెప్పుల చప్పుడు వింటూ ఉంటాను. చప్పుడు ఆగినప్పుడల్లా నా కాళ్లు అప్రయత్నంగా మెట్ల వైపు కదులుతాయి. కొంచెంసేపటికి చప్పుడు మళ్లీ మొదలవుతుంది. నేను వెనక్కు వచ్చి, ఎదురుచూడనట్లు కూర్చుంటాను.

పడకకుర్చీ ఇంకా ముందుగదిలోనే ఉన్నది. మధ్యాహ్నం భోజనం తరవాత నాన్నగారు అందులో ఒక గంట కునుకు తీస్తారు. అందుకు మాత్రమే అది.